సొత్తు ఇంట్లో, వాకిలి ఒక్కటే

కావేరి మీద శివనసముద్రం దగ్గర తీసిన కరెంటు 1902లో దాదాపు 147 కిలోమీటర్లు తీగల వెంట వచ్చి కోలారు బంగారు గనులకు చేరింది. ఆ రోజుల్లో ప్రపంచంలోని పొడవైన లైన్లలో అదొకటి. బెంగుళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలగడానికి ఇంకో మూడేళ్లు పట్టింది. ఆ గనుల ఊరైన మా కె.జి.ఎఫ్.లో ఈ మాట చెప్పని పెద్దమనిషి ఉండడు. చెప్పేటప్పుడు ఆయన గొంతు కొంచెం లేస్తుంది, వినేటప్పుడు నాకూ ఒళ్లు పొంగుతుంది. ఆ వెంటనే ఆ లైను ఎందుకు వేశారో కూడా గుర్తొస్తుంది. కరెంటు వచ్చింది లోపలి రాయిని పైకి లాగి పిండి కొట్టడానికి. బేతమంగళం నుంచి పైపుల్లో నీళ్లు వచ్చింది గనుల కోసం. బౌరింగ్‌పేట, అంటే ఇప్పటి బంగారుపేట నుంచి మారికుప్పం దాకా రైలు పట్టా పడింది గనుల కోసం. ఊరికి వచ్చినవన్నీ ఊళ్లో ఉన్న ఒక్కదాన్ని బయటికి పంపడానికే వచ్చాయి.

జాన్ టేలర్ అండ్ సన్స్ అనే లండన్ కంపెనీ 1880లో ఇక్కడ పని అందుకుంది. 1956లో గనులు మైసూరు రాష్ట్రం చేతికి వచ్చాయి, 1962లో కేంద్రం చేతికి వెళ్లాయి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అయ్యాయి, 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఆ 120 ఏళ్లలో 800 టన్నులకు పైగా బంగారం ఈ రాళ్లలోంచి వెళ్లిపోయింది. మిగిలినవి సయనైడ్ దిబ్బలు, ఆగిపోయిన షాఫ్టుల మీది ఇనప చట్రాలు, లైను ఇళ్లు, ఆ ఇళ్లలో నుంచి చీకటితో లేచి బెంగుళూరు రైలెక్కే మనుషులు. కె.జి.ఎఫ్. సినిమా వచ్చాక మా ఊరి పేరు దేశమంతా తెలిసింది. ఊరు మాత్రం ఆ రైలు టైము మీదే నడుస్తోంది.

ఇలాంటి ఊళ్లో పుట్టినవాడికి ఒక ప్రశ్న చిన్నప్పటి నుంచే వెంటపడుతుంది. మనది అనుకున్న వస్తువు ఎక్కడుంది, దాని దగ్గరికి పోవడానికి ఎవరి అనుమతి కావాలి? మా నాన్న ఛాంపియన్ రీఫ్‌లో పనిచేశాడు. మూడు కిలోమీటర్లకు పైగా లోతున్న గని అది. ఆయన దిగిన లెవెళ్ల ఫోటో ఒక్కటి కూడా మా ఇంట్లో లేదు. ఉన్నవల్లా పండగలవి, పెళ్లిళ్లవి, మారికుప్పం స్టేషన్లో ఎవరినో సాగనంపుతున్నప్పటివి. వాటితోపాటు ఇంగ్లీషులో సర్వీసు కాగితాలు, కన్నడంలో రేషన్ కార్డు, ముళబాగిలు నుంచి మా మేనత్త రాసిన తెలుగు ఉత్తరాలు, అవ్వ పాడుతుంటే చిన్నాయన టేప్ రికార్డర్లో పట్టిన క్యాసెట్లు. మా ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బళ్లో కన్నడం. కాబట్టి మా ట్రంకుపెట్టె కూడా మూడు లిపుల్లో మాట్లాడుతుంది.

వీటన్నిటినీ స్కాన్ చేసి ఫోన్లో వేసుకోవడం అందరూ చేస్తున్నదే. అక్కడి నుంచి అవి ఏ దేశంలోనో ఉన్న కంపెనీ కంప్యూటర్లలోకి వెళ్తాయి. అందులో మోసమేమీ లేదు. వాళ్లు బాగానే దాస్తారు, మనకంటే జాగ్రత్తగానే దాస్తారు. కానీ షరతులు వాళ్లవి. గూగుల్ ఫోటోస్‌లో లెక్కలేకుండా ఉచితంగా పెట్టుకునే వీలు 2021 జూన్ 1తో ఆగిపోయింది, ఆ తర్వాత 15 జీబీ దాటితే డబ్బు కట్టాలి. అది వాళ్ల హక్కు. నా దిగులు డబ్బు గురించి కాదు. అవ్వ గొంతు వినాలంటే నేను ఒకరి గుమ్మంలో నిలబడవలసి రావడం గురించి. ఊరి బంగారం మీద ఊరికి చెల్లని మాట, ఇంటి జ్ఞాపకాల మీదైనా ఇంటివాళ్లకు చెల్లాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

అందుకే రాబర్ట్‌సన్‌పేటలో మా ఇంటి అటక కింద, మేకుకు తగిలించిన క్యాలెండర్ పక్కన, చేతిలో పట్టేంత కంప్యూటర్ ఒకటి రాత్రింబవళ్లు నడుస్తోంది. కింద యూపీఎస్, పక్కన రెండు హార్డ్ డిస్కులు. ఫోటోలకు ఇమ్మిచ్ అనే అప్లికేషన్, పాటలకూ వీడియోలకూ జెల్లీఫిన్, కాగితాలకు పేపర్‌లెస్. మూడూ ఎవరైనా ఉచితంగా వేసుకోగలిగినవే. పేపర్‌లెస్ లోపల టెసెరాక్ట్ అనే అక్షరాలు చదివే ప్రోగ్రాం ఉంటుంది. దానికి తెలుగు, కన్నడం, తమిళం మూడూ వచ్చు. మేనత్త చేతిరాత దానికి అంతుపట్టదు గానీ, అచ్చు కాగితాల్లో నాన్న పేరు వెతికితే ఏ లిపిలో ఉన్నా పట్టుకుంటుంది.

ఇంట్లో ఉన్నంతసేపూ చిక్కేమీ లేదు. అదే వైఫైలో ఉన్న ఫోన్‌కు సర్వర్ అడ్రసు 192.168తో మొదలయ్యే ఒక అంకె. ఇమ్మిచ్ 2283 అనే పోర్టులో, జెల్లీఫిన్ 8096లో, పేపర్‌లెస్ 8000లో పలుకుతాయి. గడప దాటితే ఆ అంకెకు అర్థం లేదు. 1996 నాటి ఒప్పందం ప్రకారం 192.168 అడ్రసులు ప్రపంచంలో ఏ ఇంట్లోనైనా వాడుకోవచ్చు, అందుకే బయట అవి ఎవరివీ కావు. నేను పనిచేసేది వైట్‌ఫీల్డ్‌లో, చిన్నాయన కూతురు ఉండేది డల్లాస్‌లో. అమ్మ ఫోన్లో, "యాడుండాదిరా ఆ పెండ్లి ఫోటో? నీ పెట్టెలో ఉండాదంటివే, నాకు కనపడదే" అని అడిగితే, ఆమె చేతికి రెండు అడుగుల దూరంలో ఉన్న డిస్కు గురించి నేను 80 కిలోమీటర్ల అవతలి నుంచి సమాధానం చెప్పాలి.

దీనికి చాలామంది చేసే పని రౌటర్లో పోర్టులు తెరవడం. ఒక్కో అప్లికేషన్‌కు ఒక్కో పోర్టు బయటికి తెరిస్తే, మూడు అప్లికేషన్లకు గోడలో మూడు కంతలు. ఏ అప్లికేషన్ రాసినవాళ్లు ఏ రోజు ఏ పొరపాటు చేసినా అది నేరుగా వీధిలోకి కనిపిస్తుంది. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే దుండగ ప్రోగ్రాం ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచి ఉన్న క్యూనాప్ పెట్టెల్లోకి దూరి, జనం ఫైళ్లకు తాళాలు వేసి, తాళంచెవికి 0.03 బిట్‌కాయిన్ అడిగింది. ఇళ్లలో ఫోటోలు దాచుకునే పెట్టెలవి. ఎవరినీ ప్రత్యేకంగా ఎంచుకుని కొట్టలేదు. తెరిచి ఉన్న పోర్టుల కోసం అడ్రసులన్నీ వరసగా తట్టుకుంటూ పోయే యంత్రాలు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి, ఆ వరసలో మన ఇల్లు కూడా ఉంటుంది.

రివర్స్ ప్రాక్సీ ఈ కంతలన్నిటినీ మూసేసి ఒక్క వాకిలి మిగిలిస్తుంది. ఎన్‌జిన్‌ఎక్స్, కాడీ, ట్రేఫిక్ అనేవి ఆ పనిచేసే ప్రోగ్రాములు. వీటిలో ఎన్‌జిన్‌ఎక్స్‌ను ఇగోర్ సిసోయెవ్ 2004లో లోకానికి ఇచ్చాడు. ఇవాళ ప్రపంచంలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లెన్నో దాని చాటున నిలబడి ఉన్నాయి. బయటి నుంచి వచ్చే పిలుపు మొదట 443 పోర్టు దగ్గర ప్రాక్సీనే కలుస్తుంది. ఏ పేరుతో పిలిచారో ప్రాక్సీ చూస్తుంది. ఫోటోల పేరుతో పిలిస్తే లోపల 2283కు తానే వెళ్లి అడుగుతుంది, పాటల పేరుతో పిలిస్తే 8096కు వెళ్తుంది. జవాబు తీసుకొచ్చి, దానికి గుప్తలిపి తొడిగి, వచ్చినవాళ్ల చేతిలో పెడుతుంది. తనకు తెలియని పేరుతో పిలిస్తే లోపలికి కబురే పోదు. అడిగినవాళ్లు అప్లికేషన్‌ను ముట్టుకోరు, అప్లికేషన్ వీధిని చూడదు.

మా దగ్గర గుట్టహళ్లిలో బంగారు తిరుపతి గుడి ఉంది. అక్కడ వెంకటేశ్వరస్వామిని ఆరు కంతలున్న కిటికీలోంచే చూడాలి. ఎవరూ గర్భగుడి గడప దాకా పోరు, అయినా దర్శనం కాలేదని ఎవరూ వెనక్కి రారు. ప్రాక్సీ పని ఇంత సూటిగా చెప్పే ఉదాహరణ నాకు ఇంకోటి దొరకలేదు.

నేను కాడీ వాడతాను. కారణం చిన్నది. దాని కాడీఫైల్ తెరిస్తే ఒక్కో అప్లికేషన్‌కు మూడు వరసలు కనిపిస్తాయి. మొదటి వరసలో బయటి పేరు, రెండో దాంట్లో లోపలి అడ్రసూ పోర్టూ, మూడో దాంట్లో మూసే బ్రాకెట్టు. అంతే. లెట్స్ ఎన్‌క్రిప్ట్ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవడం, గడువు తీరకముందే దాన్ని కొత్తది చేసుకోవడం తనే చూసుకుంటుంది. 2015 డిసెంబరులో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అందరికీ తలుపులు తెరిచేదాకా, వెబ్ అడ్రసు ముందు తాళం గుర్తు కావాలంటే చాలామంది ఏటా డబ్బు కట్టి కొనుక్కోవలసి వచ్చేది. ఇప్పుడది ఉచితం, తక్కువ గడువుతో ఇస్తారు. ఎన్‌జిన్‌ఎక్స్ వాడేవాళ్లకు ఒక మాట: అది మామూలుగా 1 ఎంబీకి మించిన ఫైలును లోపలికి రానివ్వదు, ఫోన్ కెమెరా తీసే ప్రతి ఫోటో దాదాపు అంతకంటే పెద్దదే. 413 అనే అంకె కనిపిస్తే తప్పు ఇమ్మిచ్‌ది కాదు, ఆ హద్దును పెంచాలి. ఇంట్లో పరికరాలు నడిపే హోమ్ అసిస్టెంట్ పెట్టుకున్నవాళ్లయితే ప్రాక్సీ అడ్రసును దాని నమ్మకస్తుల పట్టీలో చేర్చాలి, లేకపోతే అది ఆ పిలుపును తిప్పి పంపేస్తుంది. అనుమానించడం దాని మంచి గుణం.

ఇంతవరకు చదివి వాకిలి కట్టుకోవడం సులువే అనుకునేవాళ్లకు అసలు అడ్డం ఇక్కడ ఎదురవుతుంది. మన దేశంలో చాలా ఇళ్లకు వాకిలి కట్టుకునేందుకు వీధే ఉండదు. పాత పద్ధతి ఇంటర్నెట్ అడ్రసులు మొత్తం 430 కోట్ల లోపే. మన ఆసియా పసిఫిక్ వాటాలో సులువుగా దొరికేవి 2011 ఏప్రిల్ నాటికే అయిపోయాయి. ఆ తర్వాత మన దగ్గర ఇంటర్నెట్ విపరీతంగా పెరిగింది, ఆ పాత అడ్రసులు పెరగలేదు. అందుకని కంపెనీలు ఒకే బయటి అడ్రసును వందల ఇళ్లకు పంచుతాయి. ఎవరికి వారు చూసుకోవచ్చు: రౌటర్ పేజీలో బయటి అడ్రసు అని ఉన్నచోట 100.64 నుంచి 100.127 మధ్య అంకె కనిపిస్తే, ఆ ఇంటికి పాత పద్ధతిలో సొంత బయటి అడ్రసు లేదు. రౌటర్లో ఎన్ని పోర్టులు తెరిచినా బయటి పిలుపు అక్కడిదాకా రాదు. ఇంట్లోంచి బయటికి పోవచ్చు, బయటి నుంచి ఇంటికి రాలేం. గనుల ఊరివాడిగా ఈ ఏర్పాటు నాకు కొత్తగా అనిపించలేదు.

అయితే లోపలివాళ్లు బయటికి పోగలరన్న ఆ ఒక్క సౌకర్యమే చాలు. నెలకు కొన్ని వందల రూపాయలకు ముంబయిలోనో బెంగుళూరులోనో చిన్న అద్దె సర్వర్ దొరుకుతుంది. దానికి సొంత బయటి అడ్రసు ఉంటుంది. ఇంటి కంప్యూటరే వైర్‌గార్డ్ అనే సొరంగం తవ్వుకుంటూ ఆ అద్దె సర్వర్ దాకా పోతుంది. 2020 మార్చిలో వైర్‌గార్డ్ లినక్స్‌లోనే భాగమైంది. ప్రతి 25 సెకన్లకూ ఒకసారి ఇంటి కంప్యూటర్ చిన్న కబురు పంపుతూ ఉంటే మధ్యలోని కంపెనీ యంత్రాలు ఆ దారిని మూసేయవు. తాళంచెవి లేనివాళ్లు తడితే వైర్‌గార్డ్ కాదనదు, అవుననదు, అసలు అక్కడ ఎవరూ లేనట్టే ఉంటుంది. బయటి పిలుపు అద్దె సర్వర్ దగ్గర ఆగి, ఆ సొరంగంలోంచి రాబర్ట్‌సన్‌పేట చేరుతుంది.

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాలి, నాకు ఈ వ్యవహారమంతటిలోకీ ముఖ్యంగా కనిపించేది అదే. గుప్తలిపిని ఎక్కడ విప్పాలి? అద్దె సర్వర్ మీదే ప్రాక్సీ పెట్టి అక్కడే విప్పితే పని తేలిక. క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్ లాంటి సేవ అయితే ఇంకా తేలిక, అద్దె సర్వర్ కూడా అక్కర్లేదు. కానీ గుప్తలిపి విప్పినచోట అంతా బట్టబయలుగా ఉంటుంది. అమ్మ ఫోటో ఒక్క క్షణమైనా అక్కడ మామూలు ఫోటోగా నిలబడుతుంది. వాళ్లు చూస్తారని నేను అనడం లేదు. చూడగల చోట పెట్టడమెందుకన్నదే నా మాట. అందుకని అద్దె సర్వర్ మీద ఉన్న ఎన్‌జిన్‌ఎక్స్‌కు ఒక్క పనే అప్పజెప్పాను. వచ్చిన మూట మీద రాసి ఉన్న పేరు చదవాలి, మూట విప్పకుండా సొరంగంలోకి తోసేయాలి. విప్పే తాళంచెవి ఇంట్లో, అటక కింద, కాడీ దగ్గరే ఉంది. చేయడానికి ఇది కొంచెం కష్టం. బయటినుంచి పిలిచినవాళ్ల అసలు అడ్రసు ఇంటిదాకా తెలియాలంటే ప్రాక్సీ ప్రోటోకాల్ అనే ఇంకో ఏర్పాటు కూడా రెండు చివర్లా పెట్టాలి. అయినా ఈ కష్టం పడి తీరాలని నేను చెబుతాను. ఇంత దూరం వచ్చి మూటను దారిలో విప్పించుకోవడానికి మనసొప్పదు.

వచ్చిన పిలుపులను ప్రాక్సీ రాసుకునే లాగ్ చదవడం అలవాటైనవాళ్లకు తెలుస్తుంది, కొత్త పేరుకు సర్టిఫికెట్ వచ్చిన కాసేపటికే అపరిచితులు తలుపు తట్టడం మొదలవుతుంది. ఆ పేరు మనం ఎవరికీ చెప్పి ఉండం. కానీ ఇచ్చిన ప్రతి సర్టిఫికెట్‌నూ బహిరంగ చిట్టాల్లో రాసిపెట్టడం ఇప్పుడు ఆచారం. దొంగ సర్టిఫికెట్లను పట్టుకోవడానికి పెట్టిన మంచి పద్ధతి అది. ఆ చిట్టాలను మంచివాళ్లతోపాటు తట్టి చూసే యంత్రాలూ చదువుతాయి. లాగ్‌లో వరస వెంట వరస: వర్డ్‌ప్రెస్ లాగిన్ పేజీ ఉందా, డేటాబేస్ నడిపే పేజీ ఉందా, పాస్‌వర్డులు రాసుకున్న ఫైలేదైనా మరిచిపోయి వదిలారా అని అడుగుతాయి. మా ఇంట్లో అవేవీ లేవు, అయినా రోజూ అడుగుతాయి. అందుకే ఒక్కో పేరుకు విడిగా తీసుకోకుండా లోపలి పేర్లేవీ రాయకుండానే అన్నిటికీ చెల్లే ఒకే సర్టిఫికెట్ తీసుకోవడం మేలు. అప్పుడు చిట్టాలో ఇంటిపేరు, అంటే డొమైన్ పేరు మాత్రమే పడుతుంది, లోపలి పేర్లు పడవు. దీనికోసం డొమైన్ రికార్డులో ఒక గుర్తు రాసి, ఆ పేరు మనదేనని రుజువు చేసుకోవాలి. ఆ పని కూడా కాడీకే అప్పగించవచ్చు.

పేరు దాచడం ఒక్కటే రక్షణ అని ఎవరూ అనుకోకూడదు. ప్రాక్సీ దారి చూపిస్తుంది, మనిషిని గుర్తుపట్టడం వేరే పని. పేపర్‌లెస్‌లో నాన్న సర్వీసు కాగితాలు, బ్యాంకు కాగితాలు ఉన్నాయి కాబట్టి దాని ముందు అథెలియా అనే కాపలా ప్రోగ్రాంను కూర్చోబెట్టాను. ప్రాక్సీ ప్రతి పిలుపునూ ముందు దానికి చూపిస్తుంది, అది సరేనంటేనే పేపర్‌లెస్ దాకా తీసుకెళ్తుంది. ఇమ్మిచ్ ముందు ఆ ఏర్పాటు కుదరదు, ఫోన్లోని యాప్ తికమకపడుతుంది. దానికి దాని సొంత లాగినే గట్టిగా ఉండాలి.

గుర్తుపట్టడం అన్న మాట వస్తే మా ఊళ్లో ఒక పాత కథ ఉంది. 1930లో గని కార్మికులందరి వేలిముద్రలు తీసుకోవాలని కంపెనీ పూనుకుంది. వేలాదిమంది పని ఆపేశారు. బంగారం దొంగతనం అన్న నెపంతో ఒంటి మీదా ఇంటి మీదా సోదాలు అప్పటికే ఉన్నాయి. వేలిముద్ర కూడా కంపెనీ పుస్తకంలోకి పోతే, గేటు బయట కూడా మనిషి ఆ పుస్తకానికే కట్టుబడతాడు. చదువు లేదని ఎవరెవరో తేలిగ్గా తీసేసిన ఆ మనుషులు, ఒక గుర్తును ఎవరి దగ్గర ఉంచాలన్న ప్రశ్నను ఎంత స్పష్టంగా చూశారో తలచుకుంటే నాకు చాలా గౌరవం కలుగుతుంది. పని చేయించుకునేవాడికి మనిషిని గుర్తుపట్టవలసిన అవసరం ఉండొచ్చు. ఆ అవసరం పేరు చెప్పి మనిషి గుర్తును తీసుకుని తన దగ్గర అట్టిపెట్టుకోవడం మీదే వాళ్ల గొడవ.

పాస్‌కీ అనే పద్ధతి నాకు నచ్చింది సరిగ్గా ఈ కారణానికే. అమ్మ తన ఫోన్ మీద వేలు పెడుతుంది. ఆ వేలిముద్రను ఫోన్ తనలోనే సరిచూసుకుంటుంది, అది ఫోన్ దాటి ఎక్కడికీ పోదు. సరిపోతే ఫోన్లో దాచిన ఒక రహస్య తాళంచెవి చిన్న సంతకం చేస్తుంది, ఆ సంతకం మాత్రం రాబర్ట్‌సన్‌పేట చేరుతుంది. సర్వర్ దగ్గర ఉండేది ఆ సంతకాన్ని సరిచూసే బహిరంగ భాగమే. దాన్ని ఎవరు ఎత్తుకుపోయినా అమ్మగా నటించలేరు. దీనికి ఆధారమైన పద్ధతి 2019లో వెబ్ ప్రమాణంగా స్థిరపడింది. అమ్మకు పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకునే బాధ తప్పింది. "ఏలు పెడితే తెరుచుకుంటాది, ఇంకేం కావల్లరా" అంటుంది.

ఒక్కటే వాకిలి అన్నాను గానీ, గనుల చట్టం తెలిసినవాళ్లు వెంటనే అడ్డు తగులుతారు. భూగర్భంలో మనుషులు పనిచేసే గనికి కనీసం రెండు దారులు ఉండాలి. రాళ్లు పేలి ఒక దారి పూడిపోతే రెండోది ప్రాణం నిలబెడుతుంది. మా గనుల్లో రాళ్లు పేలడం ఎంత మామూలంటే, లోపల పేలితే పైన ఇళ్లలో గిన్నెలు కదిలేవని అమ్మ చెబుతుంది. ఆ నియమం ఇక్కడా పాటించాలి. కాడీ ఆగిపోయినా, సర్టిఫికెట్ కొత్తది కాకపోయినా, నేను సర్వర్ దాకా పోయి సరిచేయగలగాలి. అందుకు ప్రాక్సీతో సంబంధం లేని ఇంకో వైర్‌గార్డ్ దారి ఉంది, దాని తాళంచెవి నా ల్యాప్‌టాప్‌లో ఒకటి, అమ్మ బీరువాలో కవర్లో ఒకటి. బ్యాకప్ ముళబాగిలులో మేనత్త ఇంట్లో ఉంది, ప్రతి రాత్రి మారినంతమేరకే అక్కడికి చేరుతుంది. ఒకే పైకప్పు కింద ఎన్ని కాపీలున్నా నా లెక్కలో ఒక్కటే.

వైట్‌ఫీల్డ్ నుంచి సాయంత్రం మారికుప్పం రైలెక్కితే మాలూరు, టేకల్ దాటే దగ్గర సిగ్నల్ వచ్చి పోతూ ఉంటుంది. ఒకరోజు నా పక్క సీటులో కూర్చున్న పెద్దాయన నా ఫోన్లో ఊరుగాం స్టేషన్ పాత ఫోటో చూసి, "ఇది నీకెక్కడ దొరికిందబ్బా?" అని అడిగాడు. మా ఇంట్లోదేనని చెప్పాను. ఇప్పుడు ఈ రైల్లో, ఈ నిమిషం అది మా ఇంటి నుంచే వస్తోందని చెబితే ఆయన మళ్లీ ఒకసారి ఫోటో చూశాడు. కాసేపటికి తన సంచీలోంచి పర్సు తీసి, అందులో ప్లాస్టిక్ కవర్లో ఉన్న తన పాత గుర్తింపు కార్డు చూపించాడు. నందిదుర్గం గని. ఫోటోలో మీసం నల్లగా ఉంది. ఇలాంటివి ఇంకా ఉన్నాయా అని అడిగితే, ఆండర్సన్‌పేటలో ఇంట్లో ఒక సూట్‌కేసు నిండా ఉన్నాయన్నాడు.

అప్పటి నుంచి నా ఆలోచన మా ఇంటి గడప దాటింది. కె.జి.ఎఫ్. చరిత్రగా అచ్చయినవి చాలావరకు కంపెనీ లెక్కలు, సర్కారు రిపోర్టులు, ఇంజినీర్ల కాగితాలు. 1965లో ఛాంపియన్ రీఫ్‌లో రెండు కిలోమీటర్లకు పైగా లోతున, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ శాస్త్రజ్ఞులు జపాన్, బ్రిటన్ శాస్త్రజ్ఞులతో కలిసి వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ పట్టుకున్నారు. ఆ సంగతి భౌతికశాస్త్రం పుస్తకాల్లో ఉంది. వాళ్ల యంత్రాలను కేజిలో కిందికి దించినవాళ్లు, అక్కడ దీపాలు మోసినవాళ్లు ఆండర్సన్‌పేట సూట్‌కేసుల్లో ఉండి ఉంటారు. ఆ సూట్‌కేసులన్నిటినీ తెచ్చి ఒక పెద్ద భవనంలో పోగేయాలని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఈ ఊరు ఒకసారి అన్నీ పోగుచేసి పంపేసింది. ఎవరి సూట్‌కేసు వాళ్లింట్లో ఉండాలి, చూపించాలనుకున్నది చూపించే వాకిలి మాత్రం వాళ్లకు ఉండాలి.

ఒక అద్దె సర్వర్ చాలా ఇళ్లకు సరిపోతుంది. మూట మీద పేరు చదివి ఏ సొరంగంలోకి తోయాలో చూడడం తప్ప దానికి పని లేదు కాబట్టి, ఇంకో ఇంటి పేరు చేర్చడమంటే దాని పట్టీలో ఇంకో వరస రాయడమే. ఆ ఇంటి గుప్తలిపి ఆ ఇంట్లోనే విప్పుకుంటుంది. అద్దె కడుతున్నది నేనే అయినా, అక్కడి నుంచి వాళ్ల ఫోటో ఒక్కటి కూడా నేను చూడలేను. ఈ మాట ఆ పెద్దాయనకు చెప్పడానికి పోయిన ఆదివారం ఆండర్సన్‌పేట వెళ్లాను. ఆయన నా మాట సగం విని, బంగారుపేటలో డిగ్రీ చదువుతున్న మనవరాలిని పిలిచి నా ఎదురుగా కూర్చోబెట్టాడు. ఆ అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న, "అన్నా, మీరు మీ సర్వర్ ఆపేస్తే మా ఫోటోలు పోతాయా?" పోవు, దారి మాత్రం మూసుకుంటుంది, డొమైన్ పేరు మీ పేరుమీదే కొనుక్కుంటే ఆ దారిని ఇంకో అద్దె సర్వర్‌కు ఒక్క పూటలో మార్చుకోవచ్చు అని చెప్పాను. అయితే డొమైన్ తనే కొంటానంది, కాడీఫైల్ కూడా తనే రాస్తానంది. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఒకటి ఉంది, దానికి బ్యాటరీ చచ్చింది గానీ మిగతావన్నీ నడుస్తాయి. వచ్చే ఆదివారానికి హార్డ్ డిస్కు, యూపీఎస్ తెచ్చుకోవాలి. సూట్‌కేసులోని ఫోటోల వెనక ఎవరెవరో రాసి పెట్టుకోవడం ఆమె తాతతో ఇవాళే మొదలుపెట్టింది.